ఒక్క శాతం వాటా: చైనా టెక్నాలజీ కంపెనీలపై రాజ్యం పట్టు, డేటా భద్రత

చైనాలో ప్రైవేటు టెక్నాలజీ కంపెనీని అదుపులో ఉంచుకోవడానికి ప్రభుత్వానికి పెద్ద వాటా అక్కర్లేదు. టిక్‌టాక్ మాతృసంస్థ బైట్‌డాన్స్‌కు బీజింగ్‌లో ఉన్న ప్రధాన అనుబంధ సంస్థలో 2021లో ఒక ప్రభుత్వ సంస్థ 1 శాతం వాటా తీసుకుని, ముగ్గురు సభ్యుల బోర్డులో ఒక డైరెక్టరును నియమించుకుంది. టిక్‌టాక్ ఈ అనుబంధ సంస్థ కిందికి రాదన్నది బైట్‌డాన్స్ వాదన. కాగితాల మీద అది నిజమే. కానీ అసలు పట్టు వాటాల్లో కన్నా చట్టంలో ఎక్కువగా ఉంది.

2017 జూన్ 28న అమల్లోకి వచ్చిన జాతీయ గూఢచర్య చట్టం ఏడో అధికరణం ప్రకారం ప్రతి సంస్థా, ప్రతి పౌరుడూ గూఢచర్య కార్యకలాపాలకు సహకరించాలి. తమకు తెలిసిన రహస్యాలను కాపాడాలి. ఈ రెండో షరతు మరీ బలమైనది. డేటా ఎవరూ అడగలేదని కంపెనీ చెప్పినా, ఆ మాటను బయటివారు సరిచూసుకునే దారి లేదు.

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో దీదీ ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. ట్యాక్సీ సేవల ఈ సంస్థ 2021 జూన్ 30న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. రెండు రోజులకే చైనా సైబర్‌స్పేస్ నియంత్రణ సంస్థ దర్యాప్తు ప్రకటించింది. జూలై 4న యాప్‌ను స్టోర్ల నుంచి తీసేయించింది. ఏడాది తర్వాత 802.6 కోట్ల యువాన్ల జరిమానా పడింది. వినియోగదారుల ఫోన్ ఆల్బముల్లోని దాదాపు 1.2 కోట్ల స్క్రీన్‌షాట్లు, 10.7 కోట్ల ముఖ గుర్తింపు వివరాలు అక్రమంగా సేకరించిందని అధికారులు తేల్చారు. వినియోగదారులకు జరిగిన ఈ అన్యాయం చిన్నదేమీ కాదు, శిక్ష అవసరమే. అయితే 2021లో వచ్చిన డేటా భద్రత, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు పౌరుణ్ని కంపెనీ నుంచి కాపాడినంతగా ప్రభుత్వం నుంచి కాపాడవు.

విదేశీ కంపెనీలకూ మినహాయింపు లేదు. 2018 ఫిబ్రవరి 28 నుంచి చైనా వినియోగదారుల ఐక్లౌడ్ సేవలను ఆపిల్ గుయిజౌ రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. వాటి ఎన్‌క్రిప్షన్ తాళాలూ ఆ దేశంలోనే ఉంచింది. ఇదే ఆపిల్ 2016లో అమెరికాలో, శాన్ బెర్నార్డినో కాల్పుల నిందితుడి ఫోన్ తెరిచే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ తయారుచేయమన్న ఉత్తర్వును కోర్టులో బహిరంగంగా ఎదిరించింది. ప్రభుత్వాన్ని కాదనే అవకాశం, ఆ వాదన వినే న్యాయస్థానం ఉన్నాయా లేదా అన్నదే డేటా భద్రతకు గట్టి కొలమానం.

ఆ కొలమానం ముందు అమెరికా కూడా పూర్తిగా నిలబడదు. అక్కడి నిఘా చట్టాల కింద యూరప్ పౌరులకు తగిన న్యాయ రక్షణ లేదంటూ ఐరోపా న్యాయస్థానం 2020 జూలైలో యూరప్ డేటాను అమెరికాకు పంపేందుకు కుదిరిన ప్రైవసీ షీల్డ్ ఒప్పందాన్ని కొట్టేసింది. భారత్ 2020 జూన్ 29న ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, దేశ భద్రత వంటి కారణాలతో తన సంస్థలను మినహాయించే అధికారాన్ని కేంద్రానికే ఇచ్చింది. డేటా దేశంలోనే ఉంటే చాలన్న నమ్మకమూ సరిపోదు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలు ప్రారంభించింది. కాగా అమెరికా 2018 క్లౌడ్ చట్టం ప్రకారం, డేటా ఏ దేశంలో ఉన్నా తమ అధీనంలోని దాన్ని అప్పగించాలని అమెరికన్ కంపెనీలను అక్కడి కోర్టులు ఆదేశించవచ్చు.