ఊపిరితిత్తులకు సోకిన సార్కోమా: సూది పరీక్ష - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
కండరం, కొవ్వు వంటి మృదుకణజాలంలో పుట్టే క్యాన్సర్లను సార్కోమాలు అంటారు. ఇవి ప్రధానంగా రక్తం ద్వారా వ్యాపిస్తాయి. కాళ్ళుచేతుల నుండి సిరల రక్తం గుండె కుడిభాగానికి, అక్కడి నుండి ఊపిరితిత్తుల కేశనాళికలకు చేరుతుంది. అందువల్ల వ్యాపించే కణాలు ఎక్కువగా అక్కడే నిలుస్తాయి. తొడలోని సార్కోమాను తొలగించుకున్న రోగి ఊపిరితిత్తిలో కొత్త గడ్డ కనిపిస్తే, అది పాత వ్యాధా, అక్కడే పుట్టిన వేరొక క్యాన్సరా, క్షయ వంటి ఇన్ఫెక్షనా అన్నది తేలాలి. మూడింటికీ చికిత్స వేరు. ఛాతీ తెరవకుండా ఈ విషయం తేల్చే సూది పరీక్ష పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తొలి ప్రయత్నాలు:
1883లో జర్మన్ వైద్యుడు లైడెన్ న్యుమోనియా కారక సూక్ష్మజీవుల కోసం ఊపిరితిత్తిలోకి సూది గుచ్చి నమూనా తీశారు. 1886లో మెనెట్రియే ఇదే మార్గంలో ఊపిరితిత్తి క్యాన్సర్‌ను గుర్తించారు. 1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రికి చెందిన హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ 18 గేజ్ సూదితో కణితుల నుండి కణాలను పీల్చి తీసే పద్ధతిని ప్రచురించారు. అయితే ఊపిరితిత్తి విషయంలో లావు సూది వల్ల గాలి లీకు, రక్తస్రావం జరుగుతాయన్న భయం ఉండేది.

సన్నని సూది:
స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్యులు ఫ్రాన్జెన్, జాయిచెక్ సన్నని సూది పద్ధతిని స్థిరపరిచారు. 1960వ దశకంలో నార్డెన్‌స్ట్రామ్ ఎక్స్‌రే తెరపై చూస్తూ సూదిని ఊపిరితిత్తి కణితిలోకి నడిపించే విధానాన్ని అభివృద్ధి చేశారు. 1970వ దశకంలో సీటీ స్కాన్ రాకతో చిన్న గడ్డలు కూడా సూదికి అందాయి.

మారిన ప్రశ్న:
మొదట్లో అడిగిన ప్రశ్న ‘ఇది క్యాన్సరా?’ అన్నది మాత్రమే. ఊపిరితిత్తులకు వ్యాపించిన గడ్డలను శస్త్రచికిత్సతో తొలగించడం పెరిగాక ‘ఇది ఏ క్యాన్సర్?’ అన్నది ముఖ్యమైంది. 1997లో వెలువడిన అంతర్జాతీయ నమోదు నివేదిక వివిధ క్యాన్సర్లకు చెందిన 5,206 మందిని పరిశీలించింది. గడ్డలను పూర్తిగా తొలగించిన వారిలో 36 శాతం 5 సంవత్సరాలు జీవించారని అది తెలిపింది.

ఇక్కడే సూది పరిమితి బయటపడుతుంది. సార్కోమాలో తరచుగా కనిపించే కదురు ఆకారపు కణాలు మెలనోమాలోనూ, కొన్ని ఊపిరితిత్తి క్యాన్సర్లలోనూ ఉంటాయి. పైగా స్లైడుపై పరచిన కణాల్లో కణజాలపు అమరిక చాలావరకు చెదిరిపోతుంది. అందుచేత పెథాలజిస్టు తొలి కణితి స్లైడును పక్కన పెట్టుకొని రెండింటినీ పోల్చి చూస్తారు. అవసరమైతే సెల్‌బ్లాక్‌పై డెస్మిన్, ఎస్-100, కెరటిన్ వంటి ఇమ్యునో పరీక్షలు చేస్తారు. సూదిలో క్యాన్సర్ కణాలు రానంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము.

ముగింపు:
సూది సన్నబడిన కొద్దీ రోగికి ప్రమాదం తగ్గింది. దానితోపాటు చేతికందే కణజాలమూ తగ్గింది. ఆ లోటును పూరించింది ప్రధానంగా పోలిక. ఏళ్ళ క్రితం తీసిన స్లైడు, బ్లాకు, రోగి పూర్వ చరిత్ర భద్రంగా ఉన్నచోట కొద్దిపాటి కణాలైనా నిర్ధారణకు చాలవచ్చు. కాబట్టి పాత స్లైడ్లను భద్రపరచడాన్ని వ్యాధి నిర్ధారణలో భాగంగానే పరిగణించాలి.