సర్పగంధ వేరు: మందు నిజమే, సొంత వైద్యం మాత్రం వద్దు

"బీపీ మాత్రలు ఎందుకు, అస్రోల్ పొడి వాడితే చాలు కదా!" ఇలా సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. యునానీలో అస్రోల్, వాడుకలో ఛోటా చాంద్ అనే ఈ వేరే మన సర్పగంధ. ఇది ఉత్త నాటు నమ్మకం కాదు, నిజంగా పనిచేసే మందు. జాగ్రత్త అవసరమయ్యేది కూడా అందుకే.

మొక్క ఎలా ఉంటుంది?

హిమాలయాల దిగువ అడవుల్లో, తూర్పు, పడమటి కనుమల్లో నీడపట్టున పెరిగే చిన్న మొక్క ఇది. ఆకులు ఎక్కువగా మూడేసి చొప్పున ఒకే కణుపు దగ్గర వస్తాయి. ఎర్రటి కాడల మీద తెల్లటి పూలు గుత్తులుగా పూస్తాయి. పండితే కాయలు నల్లబడతాయి. మందుకు వాడేది వేరు. దానికి వాసన ఉండదు, చేదు మాత్రం చాలా ఎక్కువ.

దేనికి వాడేవారు?

నిద్ర పట్టకపోవడం, మతి చలించి ఉద్రేకపడటం, రక్తపోటు: వీటికి హకీంలు, వైద్యులు ఇచ్చేవారు. ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఈ వేరు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద 'అజ్మలీన్' అన్నారు. గుండె లయ తప్పినప్పుడు దాన్ని మందుగా వాడారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుపై ఈ వేరు ప్రభావాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండ్‌లో 'రిసర్పిన్' బయటపడింది.

ఎవరు వాడకూడదు?

రిసర్పిన్ నరాల చివర నిలవ ఉండే రసాయనాలను ఖాళీ చేస్తుంది. దాంతో బీపీ తగ్గుతుంది. కానీ మగత, ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం, తీవ్రమైన దిగులు కూడా రావచ్చు. మానేసినా ప్రభావం కొన్నాళ్లు ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కడుపులో పుండు ఉన్నవారు, డిప్రెషన్ ఉన్నవారు దీన్ని వాడకూడదు. బీపీ, గుండె మాత్రలతో కలిపితే ఇంకా ప్రమాదం.

పాము కరిస్తే?

పేరులో సర్పం ఉందని ఈ వేరు అరగదీసి తాగిస్తూ కూర్చోవద్దు. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే దొరుకుతుంది. వెంటనే తీసుకెళ్లాలి.

కొనేటప్పుడు

వేరు కోసం తవ్వితే మొక్క చచ్చిపోతుంది. అందుకే అడవుల్లో తగ్గిపోయింది. దీని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. బజారులో ఇదే జాతి వేరే మొక్కల వేర్లు కలిపి అమ్ముతారు. కాబట్టి పొడి కొని చెంచాలతో కొలుచుకోకండి. చదువుకున్న హకీంనో, డాక్టర్‌నో కలవండి. వాడుతున్న మాత్రలన్నీ వాళ్లకు చూపించండి. అడగకుండా ఏ మాత్రా మానేయొద్దు.