మన బడిలో కన్యాశుల్కం

మన బడి వార్షికోత్సవంలో ఒక ఏడాది ‘కన్యాశుల్కం’ ఆడాం. ఏడంకాలూ ఆడితే తెల్లవారిపోతుందని తెలుగు మాస్టారు దాన్ని గంటన్నరకి కుదించారు. గానుగలు ఆడే రోజులవి. గాలిలో బెల్లం వాసన. వడ్డాది వాళ్లే కాక చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా దుప్పట్లు కప్పుకుని వచ్చి నేలమీద కూర్చున్నారు. బల్లలు జోడిస్తే అదే స్టేజి. రెండు దుప్పట్లు కడితే అదే తెర.

నాకు దొరికింది శిష్యుడి వేషం. కథ మీకు తెలిసిందే. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలనుకుంటాడు. ఆ పెళ్లి చెడగొట్టడానికి పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ ముసలాయనకే పెళ్లి చేసేస్తాడు. అంటే నాటకంలోనే మగపిల్లవాడు ఆడపిల్లగా నటించాలి. మన బడిలో ఆ ఒక్క పాత్రకే కాదు, మధురవాణికీ బుచ్చమ్మకీ కూడా మగపిల్లలమే దిక్కు. ఆడపిల్లలు స్టేజి ఎక్కడమా అనే రోజులు.

చీర కట్టుకుని నడవడం నాకు నేర్పింది మా తరగతిలోని ఒక అమ్మాయి. ఆ చీర కూడా వాళ్లమ్మదే. నేను చేతులూపుకుంటూ నడిస్తే, “అలా కాదురా, తల కొంచెం వంచు. ఆడపిల్లంటే నేలకేసి చూసి నడవాలి” అనేది. అందరి మాటలూ ఆ అమ్మాయికి కంఠతా వచ్చు. నాటకం రోజున తెర వెనక పుస్తకం పట్టుకుని మాకు మాటలు అందించింది కూడా తనే. గిరీశం మధ్యలో మరిచిపోతే పుస్తకం చూడకుండానే అందించింది.

జనం ఎంత నవ్వారో! గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే తల్లి మురిసిపోయే రంగంలో వెనక కూర్చున్న ముసలివాళ్లు కూడా పడీ పడీ నవ్వారు. ఇంగ్లీషు రాకపోయినా వాళ్లకి ఆ సంగతి అర్థమైంది. నాటకంలో మాటలన్నీ మన వైపు మాటలే మరి. ఆ యాస కోసం మాలో ఎవరూ సాధన చెయ్యక్కర్లేకపోయింది.

అది మన వైపు నాటకమే. గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న పుట్టింది ఎస్. రాయవరంలో. అది ఇప్పుడు మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది. విజయనగరంలో చదువుకుని అక్కడే ఉపాధ్యాయుడయ్యారు. నాటకం మొదట ఆడింది కూడా విజయనగరంలోనే, 1892 ఆగస్టు 13న. అచ్చయింది 1897లో. బాగా పెంచి, దాదాపు తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. మనం ఆడేదీ చదివేదీ ఆ రెండోదే. ఎన్టీ రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా 1955లో వచ్చిన సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు.

విద్యార్థులు హాస్య నాటకం ఆడటం తెలుగునాట పాత ముచ్చటే. 1880లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు రాజమండ్రి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లారు. ఆ తర్వాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత ‘చమత్కార రత్నావళి’ ఆడించారు. అది షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కి తెలుగు రూపం. మరుసటి సంవత్సరం, 1881 డిసెంబరు 11న, అదే ఊళ్లో మొదటి వితంతు వివాహం చేయించిందీ ఆ పంతులుగారే. నాటకమూ సంస్కరణా అలా ఒకే చేతిమీదుగా నడిచాయి. ఆడవేషాలు మగవాళ్లే వెయ్యడం కూడా చాలాకాలం మామూలు పద్ధతే. స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు.

మొదటి ముద్రణకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికని నేను చదివింది మాత్రం ఉద్యోగంలో చేరాకే. చదివాక ఆ రాత్రి మేం దేనికి నవ్వామో తెలిసింది. విజయనగరం మహారాజావారి ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తయారు చేశారు. డబ్బు తీసుకున్నామని చాలామంది ఒప్పుకోలేదు. అయినా లెక్కకి వచ్చినవి 1,034. పెళ్లినాటికి అయిదేళ్లున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్లున్న వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

ఇదంతా మన జిల్లా లెక్క. సుబ్బి ఒక్కతీ కాదు, ఇందరు సుబ్బులు ఉన్నారు. వాళ్లకి చీర కట్టుకొచ్చే శిష్యుడు లేడు.

ఆడపిల్ల పెళ్లి వయసు 1929 శారదా చట్టం 14 ఏళ్లు చేసింది. 1978లో దాన్ని 18 చేశారు. మేం నాటకం ఆడేనాటికి ఆ సవరణ వచ్చేసింది. అయినా మాటలందించిన ఆ అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అవగానే పెళ్లి చేసేశారు. శుల్కం పోయి కట్నం వచ్చింది కాబట్టి వాళ్ల నాన్నే చెరకు పొలం కొంత అమ్మి ఇచ్చారు. డబ్బు అటు నుంచి ఇటు రావడం మానేసి ఇటు నుంచి అటు వెళ్లింది. పిల్లని అడగకపోవడం మాత్రం అలాగే ఉంది. పెళ్లికి మేమంతా వెళ్లి భోజనం చేసి వచ్చాం. శిష్యుడి వేషం వేసి చప్పట్లు కొట్టించుకున్న నాకు, ఇదేమిటి అని అడగాలని కూడా తోచలేదు. నాటకం వేరు, ఊళ్లో సంగతి వేరు అనుకున్నాను.

మొన్న స్వర్ణోత్సవం ఏర్పాట్ల సమావేశానికి ఆవిడ వచ్చారు. నన్ను చూడగానే “శిష్యుడా, తల వంచడం గుర్తుందా?” అన్నారు. అందరం నవ్వాం. తర్వాత ఎవరో అడిగితే మధురవాణి మాటలు కొన్ని గడగడా చెప్పారు. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. “ఒక్కసారి స్టేజి మీద నిలబడి చెబుదామని ఉండేది” అన్నారు. ఆ మాటకి ఎవరం ఏమీ అనలేకపోయాం.

కాబట్టి ఇప్పటి ఉపాధ్యాయులకి ఒక పూర్వ విద్యార్థిగా నా మనవి. కన్యాశుల్కం మన బడిలో మళ్లీ ఆడించండి. పిల్లలు కడుపారా నవ్వాలి. నవ్వించలేకపోతే ఆ నాటకం ఆడనట్టే. రిహార్సళ్లకి ముందు మాత్రం ఒక రోజు ఆ పీఠికలోని లెక్కలు నల్లబల్ల మీద రాసి చూపించండి. ఆడ పాత్రలు ఆడపిల్లలకే ఇవ్వండి. మాటలందించడానికి ఆవిడని పిలుద్దామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. మధురవాణి రంగం ఒకటి ఆవిడకే ఇవ్వాలన్నాను. ఇంకా ఆలోచించుకుంటానన్నారు. ఈసారి తెర వెనక పుస్తకం పట్టుకోవడానికి నేను సిద్ధం.