నలభై ఏళ్ల నాటి పందెం: 6502, జెడ్80

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, మాస్టార్ల గురించీ, మన వేపచెట్టు గురించీ నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారనిపించింది. ముప్పై ఏళ్లుగా చిప్‌లతోనే బతుకుతున్నవాణ్ణి కాబట్టి రెండు పాత చిప్‌ల చరిత్ర చెబుతాను. అందులో నేను సరిదిద్దుకోవలసిన తప్పు కూడా ఒకటుంది.

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టి, దేశంలో ఎంపిక చేసిన సుమారు 250 పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చింది. అవి బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ రూపొందించిన బీబీసీ మైక్రోలు. మన బడికి రెండు వచ్చాయి. నేనప్పుడు పదో తరగతి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. వారానికి ఒక్క పీరియడు, ఒక్కో మిషను చుట్టూ పదిమందిమి. కీబోర్డు మీద చెయ్యి పడేది నాలుగైదు నిమిషాలే. బడి వదిలాక లెక్కల మాస్టారు తన పూచీ మీద తాళం తెచ్చి గది తెరిచిన సాయంత్రాలే మాకు అసలైన క్లాసు.

అదే ఏడాది మా బెంచీవాడికి కువైట్ నుంచి వాళ్ల బాబాయి సింక్లెయిర్ స్పెక్ట్రమ్ తెచ్చాడు. టీవీకి తగిలిస్తే పనిచేసే చిన్న పెట్టె, రబ్బరు మీటలు. దానిలోపల జెడ్80 చిప్, వేగం 3.5 మెగాహెర్ట్జ్. బడి మిషనులో 6502 చిప్, వేగం 2 మెగాహెర్ట్జ్. "మీది నత్తరా" అన్నాడు వాడు. నాకు రోషం వచ్చింది. గేటు బయట బండి మీద మిరపకాయ బజ్జీలు పందెం కాశాం.

పరీక్ష సులువే. బేసిక్ భాషలో ఒకటి నుంచి పదివేల వరకు ఊరికే లెక్కపెట్టించడం. ల్యాబులో మాస్టారి వాచీ పెట్టుకుని చూస్తే బీబీసీకి పది సెకన్లు అటూ ఇటూగా పట్టింది. సాయంత్రం వాడింట్లో స్పెక్ట్రమ్‌కు ముప్పావు నిమిషం పట్టింది. నేను అక్కడితో ఆగలేదు. "మీ బాబాయిని ఎవరో మోసం చేశార్రా" అన్నాను, వాళ్ల బాబాయి వినేలా. వాడు మాట్లాడకుండా మర్నాడు బజ్జీలు కొనిచ్చాడు. ఆ తర్వాత స్పెక్ట్రమ్ ఊసు నా దగ్గర ఎత్తలేదు.

ఇప్పుడు చరిత్రలోకి వస్తాను. 1974లో ఇంటెల్ 8080 చిప్ ధర 360 డాలర్లు. మోటరోలా 6800 కూడా అంతే. అంత ధర పెడితే మామూలు యంత్రాల్లో ఎవరూ వాడరని మోటరోలాలో పనిచేస్తున్న చక్ పెడల్ గట్టిగా నమ్మాడు. అక్కడ మాట చెల్లక, కొందరు సహచరులతో కలిసి ఎం.ఓ.ఎస్. టెక్నాలజీ అనే చిన్న కంపెనీకి వెళ్లిపోయాడు. 1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో 6502ను 25 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అంత ధర తగ్గడానికి కారణం, అవసరం లేనిదల్లా తీసెయ్యడం. లెక్కలకు ఒక్క రిజిస్టరు, తోడుగా మరో రెండు. మిగతా పనికి మెమరీలో మొదటి 256 గళ్లను చేతి సంచిలా వాడుకోమన్నారు.

జెడ్80 దారి వేరు. ఇంటెల్‌లో 4004, 8080 చిప్‌ల వెనక ఉన్న ఫెడెరికో ఫాజిన్ బయటికొచ్చి జైలాగ్ కంపెనీ పెట్టాడు. మసతోషి షిమా ఆయనతో చేరాడు. 1976లో జెడ్80 వచ్చింది. రిజిస్టర్లు బోలెడు, వాటికి తోడు ఇంకో జత. మెమరీ చిప్‌లు మతి తప్పకుండా మధ్యమధ్య గుర్తుచేసే పని కూడా అదే చూసుకునేది. 8080 కోసం రాసిన ప్రోగ్రాములు దాని మీద అలాగే నడిచేవి.

మరి ఏది వేగం? మెగాహెర్ట్జ్ అంటే చిప్ లోపలి గడియారం సెకనుకు ఎన్ని పదిలక్షల టిక్కులు కొడుతుందో చెప్పే లెక్క. టిక్కుకు ఎంత పని జరుగుతుందో అది చెప్పదు. పొట్టివాడు గబగబా అడుగులు వేస్తాడు, పొడుగువాడు అంగలు వేస్తాడు. అడుగులు లెక్కపెట్టి ఎవరు ముందో చెప్పలేం.

మెమరీలో ఒక గడిలోని అంకెను తెచ్చుకోవడానికి 6502కు 4 టిక్కులు, జెడ్80కి 13. బీబీసీలో అది 2 మైక్రోసెకన్లు, స్పెక్ట్రమ్‌లో దాదాపు 3.7. ఇక్కడ మన 'నత్త' ముందుంది. కానీ రెండు 16 బిట్ల సంఖ్యలు కూడాలంటే, అవి రిజిస్టర్లలో ఉంటే జెడ్80కి ఒక్క ఆదేశం, 11 టిక్కులు, అంటే దాదాపు 3.1 మైక్రోసెకన్లు. 6502 అదే పనిని ముక్కలు చేసుకుని 20 టిక్కుల్లో చేస్తుంది, అంటే 10 మైక్రోసెకన్లు. ఒకచోటి సమాచారం ఇంకోచోటికి మార్చాలంటే జెడ్80 ఒక్కో బైటుకు 21 టిక్కులు, 6 మైక్రోసెకన్లు. 6502 మామూలు పద్ధతిలో 16 టిక్కులు, 8 మైక్రోసెకన్లు. పనిని బట్టి గెలుపు మారుతుంది. అదే 6502ను ఆపిల్ 2లో దాదాపు 1 మెగాహెర్ట్జ్‌కే నడిపారు. అక్కడ అయితే మొదటి పోటీలోనూ ఓడిపోయేది.

మరి మా పందెంలో అంత తేడా ఎందుకొచ్చింది? అది చిప్‌ల మధ్య పోటీయే కాదు. బీబీసీ బేసిక్ రాసింది సోఫీ విల్సన్, వేగం మీద పట్టుదలతో రాసింది. స్పెక్ట్రమ్ బేసిక్, అంతకుముందు చవక మిషను కోసం, చిన్న మెమరీలో ఇమిడేలా రాసినదాన్ని పెంచినది. నేను కొలిచింది ఇద్దరు ప్రోగ్రాము రాసేవాళ్ల పనిని. ఓడిందని చెప్పింది మాత్రం మిత్రుడి చిప్‌ని, వాళ్ల బాబాయి తెలివిని. ఈ సంగతి ఉద్యోగంలో చేరాక, రెండు చిప్‌ల ఆదేశాల పట్టికలు పక్కపక్కన పెట్టుకున్న రోజున గాని నాకు తెలియలేదు.

విలువ లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రిటన్‌లో 48 కె స్పెక్ట్రమ్ 1982లో 175 పౌండ్లకు వచ్చింది. బీబీసీ మోడల్ బి 399 పౌండ్లు. ఎక్కువ డబ్బుకు మంచి కీబోర్డు, డిస్కూ ఇతర పరికరాలూ తగిలించే దారులు దొరికేవి. కానీ వారానికి నాలుగు నిమిషాల చొప్పున నాకు ఏడాదంతా దక్కినదానికంటే, మావాడికి రెండు సెలవు రోజుల్లో దక్కింది ఎక్కువ. నేను బేసిక్‌లో పేరు అచ్చువేయించి మురిసిపోతున్నప్పుడు వాడు జెడ్80 ఆదేశాలను అంకెల్లో నేరుగా రాసి తెర మీద బంతి ఎగరేస్తున్నాడు. నేను చూడ్డానికి వెళ్లలేదు.

రెండు చిప్‌లూ మా అంచనా దాటి బతికాయి. 6502లోని పొదుపును మెచ్చిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అదే దారిలో కొత్త చిప్ గీశారు. 1985 ఏప్రిల్ 26న, మేం తొమ్మిది పూర్తిచేసి వేసవి సెలవుల్లోకి వచ్చిన రోజుల్లో, ఆ తొలి ఆర్మ్ చిప్ ఒక బీబీసీ మైక్రోకు తగిలించి పనిచేసింది. ఇవాళ మన జేబుల్లోని ఫోన్లు దాదాపు అన్నీ ఆ వంశానివే. జెడ్80 తయారీ 48 ఏళ్లు సాగింది. చివరి ఆర్డర్లు 2024 జూన్ వరకేనని జైలాగ్ ప్రకటించినప్పుడు నా మనసు ఏదోలా అయింది.

బడికి కొత్త ల్యాబు పెట్టాలన్న మాట సంఘంలో నడుస్తోంది. ఎన్ని గిగాహెర్ట్జ్ అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మధ్యరకం మిషన్లు కొందాం, మిగిలిన డబ్బుతో సాయంత్రం ఏడింటి దాకా గది తెరిచి ఉంచే మనిషికి జీతం ఇద్దాం. మన మాస్టారు జీతం లేకుండా చేసిన పని అదే.

ఇక మా బెంచీవాడికి: ఈ సంచిక నీకు చేరితే, ఆ పందెం నేను గెలవలేదురా. బజ్జీలు బాకీ ఉన్నాను. బాబాయిగారికి కూడా.