యంత్రలిపియందుఁ దెలుఁగు వర్ణములు

కంప్యూటరు అక్షరము నెఱుఁగదు. సంఖ్య నొకదానినే యెఱుఁగును. కావున నే యక్షరమున కే సంఖ్య యను నియమము ముందుగా నేర్పడవలయును. అమెరికాదేశమున 1963 వ సంవత్సరమున వెలువడిన ఆస్కీ యను నియమమునందు 128 స్థానములే కలవు. ఆంగ్లాక్షరములకు, అంకెలకు, విరామచిహ్నములకు నవి చాలెను. మనలిపులకు నందుఁ దావు లేకపోయెను.

ఆ కొఱఁతను దీర్పఁబుట్టినది ఇస్కీ. ఇది 1988 లో నొకరూపము దాల్చి, 1991 లో 13194 వ సంఖ్యగల భారతీయప్రమాణముగా వెలువడినది. 256 స్థానములలో మొదటిసగము నాస్కీకి విడిచి, రెండవసగమున నాగరి, తెలుఁగు, కన్నడము మొదలగు లిపుల కెల్ల నొక్కటే పట్టికను గూర్చిరి. బ్రాహ్మినుండి పుట్టిన లిపులకు రూపములు వేఱైనను వర్ణసమామ్నాయ మొక్కటియే యను ప్రాచీనసత్యమే దీనికి మూలము. లిపి యేదైనను కకారమునకు సంఖ్య యొకటే. లిపిభేదమును దెలుపుటకు వేఱొక సంకేత ముండెను.

ఈ మార్గమును విడిచి, పెక్కు ఫాంటులు సంఖ్యలను వర్ణములకుఁ గాక రూపశకలములకు, అనఁగాఁ దలకట్టులకును వత్తులకును, ఇచ్చినవి. ఏ ఫాంటున కా ఫాంటే ప్రమాణము. ఆ ఫాంటు లేనియెడల గ్రంథమంతయు నర్థములేని గుర్తుల గుంపగును. వర్ణమును విడిచి రూపమును బట్టుకొనుటవలని నష్ట మిట్టిది.

1991 లో నారంభమైన యూనికోడు ప్రతిలిపికిని వేఱుగా స్థానముల నిచ్చినను, 1988 నాఁటి ఇస్కీక్రమమునే యనుసరించినది. నాగరి కకారమునకు 2325, తెలుఁగు కకారమునకు 3093, కన్నడ కకారమునకు 3221 సంఖ్య లయ్యెను. నాగరికిని దెలుఁగునకును నడిమి యంతరము 768, గకారాదులందును నిదియే. నాగరియందుండి తెలుఁగున లేని వర్ణమునకు సరియైన స్థానమును శూన్యముగా విడిచిరి. 3113 నేఁటికిని శూన్యమే.

ఇందు వైయాకరణులకు వింతగొలుపు విషయ మొకటి కలదు. శాస్త్రమున శుద్ధమైన హల్లునకు అచ్చు చేరఁగా "క" యగును. యంత్రలిపియం దిది విపర్యస్తము. "క" యొకసంఖ్య, దానికిఁ బొల్లుగుర్తు చేరిన "క్" రెండుసంఖ్యలు, "క్ష" మూఁడు. అకారము లేమికే గుర్తు కలదు గాని యునికికి లేదు. మఱికొన్ని సంకేతములు ఇత్తులవంటివి. తాము కనఁబడక కార్యమును మాత్రము చేయును. "సాఫ్ట్‌వేర్" అనునెడ వకారము టకారమునకు వత్తుగాఁ జేరకుండుట కట్టి సంకేతము నడుమ నుండును. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" యను నక్షర మీ సంకేతముతోఁ గూడి రాఁగా, ఆపిల్ ఫోనులలోని ప్రోగ్రాములు దానిఁ జిత్రింపలేక యాగిపోయెను. ఆ నెలలోనే సవరణ వెలువడినది. దోషము వర్ణక్రమమునది కాదు, చిత్రించు ప్రోగ్రామునది.

యూనికోడునందు స్థిరత్వము ప్రధానము. స్థానమిచ్చిన వర్ణమును మరలఁ దొలఁగింపరు, కదల్పరు. చిన్నయసూరి బాలవ్యాకరణమున వివరించిన దంత్య చజములకు, అనఁగా ౘ, ౙ లకు, 2008 వఱకుఁ దావు లేదు. వచ్చినపుడు హకారమునకును గుణింతపు గుర్తులకును బిమ్మట నిలిచినవి. సంఖ్యాక్రమమునే నమ్మి నిఘంటువును గూర్చినచో "ౘలి" హకారాదిపదముల తరువాతఁ బడును. ఱకారము తొలుతనుండి యున్నను రకార లకారముల నడుమఁ జిక్కినది. అందువలన నకారాదిక్రమమునకు వేఱొక పట్టిక యావశ్యక మయ్యెను.

అవగ్రహమునకు 2008 లోను, ప్రాచీనశాసనములయందలి ఴకారమునకు 2014 లోను, ౚకారమునకు 2015 లోను, నకారపొల్లునకు 2021 లోను స్థానము లభించినది. వీనిలో నవగ్రహమును ఴకారమును నాగరికి సరిగా విడిచిన శూన్యస్థానములనే, 3133 ను 3124 ను, చేరుకొన్నవి. పూర్వులు విడిచిన ఖాళీ పెక్కేండ్ల పిదపఁ గొఱకు వచ్చినది. తక్కినవి దొరకినచోటఁ గుదురుకొన్నవి.

కావున వర్ణనిర్ణయము యంత్రజ్ఞుల పని మాత్రమే కాదు. శాసనములను దాళపత్రములను జదువు పండితులు తాము కనుఁగొన్న వర్ణమును సాక్ష్యముతో ముందుగాఁ దెలుపవలయును. తావు లేని వర్ణము గల శాసనపాఠము ప్రకటింపఁబడునపుడు దానిచోట వేఱొకవర్ణము వ్రాయఁబడును. ఆ పాఠభేదము శాసనకర్తది కాదని తరువాతివారికిఁ దెలియరాదు.