కాగితం వెనక ఏడో పేరా

1955 మే 19. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, హైలాండ్స్ పట్టణం. రూట్ 36 మీద హెలెన్ హెనింగ్‌సెన్ కారు నడుపుకుంటూ ఉత్తరం వైపు వస్తున్నారు. యాస్‌బరీ పార్క్ దాకా వెళ్లి ఇంటికి తిరుగు ప్రయాణం. రోడ్డు నున్నగా ఉంది. గంటకు 20, 22 మైళ్ల వేగం. మన లెక్కలో 36 కిలోమీటర్లు కూడా దాటదు. కారు ఇంటికొచ్చి పది రోజులే అయింది. మీటరు మీద 468 మైళ్లు.

ఉన్నట్టుండి బానెట్ వైపు నుంచి, కింద ఎక్కడో, పెద్ద చప్పుడు. ఏదో పగిలినట్టనిపించిందని ఆమె తర్వాత కోర్టులో చెప్పారు. చేతుల్లో ఉన్న స్టీరింగు గిర్రున తిరిగిపోయింది. కారు ఒక్కసారిగా కుడివైపుకు మళ్లి రోడ్డు పక్కనున్న బోర్డునూ ఇటుక గోడనూ గుద్దుకుంది. ఎదురు దిక్కు నుంచి వస్తున్న బస్సు డ్రైవరు ఇదంతా కళ్లారా చూశాడు. మామూలుగా వస్తున్న కారు అమాంతం తొంభై డిగ్రీలు తిరిగి నేరుగా గోడ మీదికి వెళ్లిందని సాక్ష్యం చెప్పాడు.

హెలెన్ గాయాలతో బయటపడ్డారు. కారు ముందుభాగం మాత్రం నుజ్జునుజ్జయింది. స్టీరింగులో ముందే లోపముందా, బిగింపులో తేడా జరిగిందా అని చూద్దామన్నా చూడటానికేమీ మిగల్లేదు. ఇన్సూరెన్సు కంపెనీ టోటల్ లాస్ కింద రాసేసింది. దెబ్బతిన్న కార్లను పరిశీలించడంలో 11 ఏళ్ల అనుభవమున్న ఆ కంపెనీ ఇన్‌స్పెక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పాడు: స్టీరింగు చక్రం నుంచి ముందు చక్రాల దాకా ఉన్న భాగంలో ఏదో ఊడిపోయో విరిగిపోయో ఉండాలి, లేకపోతే కారు అలా తిరగదు.

కొత్త కారు, పది రోజులు, పక్కా వారంటీ. ఇంకేం, కంపెనీ బాధ్యత తీసుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. హెలెన్, ఆమె భర్త క్లాస్ కూడా అలాగే అనుకుని కారు అమ్మిన బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ మీద, తయారుచేసిన క్రైస్లర్ కార్పొరేషన్ మీద దావా వేశారు. అవతలి పక్షం తీసిన అస్త్రం ఆ వారంటీయే.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే పన్నెండు రోజులు వెనక్కి వెళ్లాలి. మే 7, శనివారం. మర్నాడు మదర్స్ డే. భార్యకు కారు కొనివ్వాలని క్లాస్ హెనింగ్‌సెన్ అనుకున్నారు. ఫోర్డా, షెవర్లేనా, ప్లిమతా అన్న ఆలోచనలో ఉండగానే ఇద్దరూ కలిసి బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ షోరూముకు వెళ్లారు. అక్కడ క్రైస్లర్ వారి ప్లిమత్ ఒకటి నచ్చింది. కారు భార్యకు కానుకగా ఇస్తున్నానని డీలరుకు కూడా చెప్పానని ఆయన వాంగ్మూలం. ఆర్డరు ఫారం సిద్ధమైంది. సంతకం భర్త ఒక్కరే పెట్టారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఫారం ఒకటే పేజీ. పైన కారు వివరాలు, చెల్లింపు లెక్కలు చక్కగా కనబడే అక్షరాల్లో ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ అక్షరం సన్నబడుతూ పోయింది. సంతకం గీత దగ్గరికొచ్చేసరికి రెండు చిన్న పేరాలు, ఒకటి రెండుంపావు లైన్లు, ఇంకొకటి లైనున్నర. పేజీ మొత్తంలో అన్నిటికంటే చిన్న అక్షరాలు వాటివే. వెనక రాసినదంతా చదివి ఒప్పుకున్నానని కొన్నవారి చేత అనిపించే వాక్యాలవి. వెనక్కి తిప్పితే జానెడు పొడవున, ఎనిమిదిన్నర అంగుళాల మేర, సన్నటి అచ్చు. పది పేరాలు, 65 లైన్లు. ఏ పేరా దేని గురించో చెప్పే శీర్షికలు లేవు. పేజీలో మూడింట రెండు వంతులు దిగాక, ఏడో పేరాలో, వారంటీ ఉంది.

అందులో ఉన్నదేమిటంటే: కారు అప్పగించిన 90 రోజుల్లోగా, లేదా 4,000 మైళ్లు తిరిగేలోగా, ఏది ముందైతే అది. ఆలోపు ఏ భాగమైనా చెడిపోతే రవాణా ఖర్చు కొన్నవారే పెట్టుకుని దాన్ని ఫ్యాక్టరీకి పంపాలి. అది నిజంగా తయారీ లోపమేనని ఫ్యాక్టరీ వారికి నమ్మకం కుదిరితే ఆ భాగాన్ని బాగుచేసో మార్చో ఇస్తారు. కంపెనీ బాధ్యత అంతటితో సరి. చెప్పినవీ చెప్పనివీ, మిగతా హామీలన్నీ దీంతో రద్దు.

గోడకు గుద్దుకుని తుక్కయిన కారులోంచి ఏ భాగాన్ని ఊడదీసి ఫ్యాక్టరీకి పంపాలి? ఊడదీయగలిగినా, తప్పు చేశాడని మనం అంటున్నవాడే ఆ తప్పుకు తీర్పరి కావడమేమిటి? మనిషికి తగిలిన దెబ్బకు బదులు ఇనుప ముక్క మార్చిస్తామంటే అది ఏ రకం హామీ? ఈ ఏడో పేరా చదివినప్పుడల్లా నాకు కోపమొస్తుంది. కొనేవారికి ధైర్యం చెప్పే పేరు పెట్టి, కొనేవారి హక్కులన్నిటినీ లాక్కున్న రాత అది.

చదవకుండా సంతకం పెట్టడం ఆయన తప్పు కాదా అని అడిగేవారుంటారు. కంపెనీ లాయర్లూ అదే అడిగారు. ఆ పేరాలు ఆయన చదవలేదు, చదవమని షోరూములో ఎవరూ చెప్పలేదు కూడా. సరే, చదివారనే అనుకుందాం. నచ్చక లేచి ఫోర్డ్ షోరూముకు వెళ్లేవారు. అక్కడా ఇదే వారంటీ. షెవర్లే దగ్గరికి వెళ్లినా ఇదే. ఎందుకంటే ఆటోమొబైల్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ తయారుచేసిన ఒకే నమూనాను కంపెనీలన్నీ వాడుకునేవి. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ మూడూ కలిసి 1958లో ఆ దేశపు కార్ల ఉత్పత్తిలో 93.5 శాతం చేశాయి. బేరమాడే చోటే లేనప్పుడు, చదివితే మాత్రం ఒరిగేదేమిటి?

కింది కోర్టులో మొదటి దెబ్బ ఫిర్యాదీలకే తగిలింది. కారు తుక్కయింది కాబట్టి కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేసే ఆధారం లేదని జడ్జి ఆ వాదనను కొట్టేశారు. మిగిలింది ఒక్కటే: అమ్మిన కారు నడపడానికి పనికొచ్చేదిగా ఉంటుందని చట్టమే ఇచ్చే హామీ. కాగితం మీద రాయకపోయినా అమ్మకంలోనే ఇమిడి ఉండే హామీ అది. దాని మీదే విచారణ సాగింది. జ్యూరీ డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ బాధ్యులను చేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లడంతో కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరింది. 1959 డిసెంబరు 7న వాదనలు జరిగాయి.

క్రైస్లర్ వాదన: మీరు కారు కొన్నది డీలరు దగ్గర, మాకూ మీకూ ఒప్పందమే లేదు. డీలరు వాదన: ఏడో పేరా చూడండి, భాగం మార్చడం మినహా మా మీద ఏ బాధ్యతా లేదు. ఇద్దరూ కలిసి హెలెన్‌తో అన్నది: అసలు మీరు సంతకమే పెట్టలేదు, మీకు మమ్మల్ని అడిగే హక్కెక్కడిది?

1960 మే 9న తీర్పు వచ్చింది. కారు అప్పగించిన రోజుకు సరిగ్గా ఐదేళ్లు. జస్టిస్ జాన్ ఫ్రాన్సిస్ రాసిన ఆ తీర్పు చాలా పొడవైనది. ఆయన ఆ కాగితాన్ని లైన్లు లెక్కపెట్టి, అక్షరాల పరిమాణం చూసి మరీ పరిశీలించారు. అంత ముఖ్యమైన మాటను అంత కనబడకుండా అచ్చు వేయడం దృష్టి మళ్లించడానికేనన్నారు. కంపెనీ ప్రకటనలతో జనాన్ని నేరుగా పిలుస్తున్నప్పుడు, మధ్యలో డీలరున్నాడన్న సాకు చెల్లదన్నారు. ఒక పక్క బలమంతా ఉండి, రెండో పక్క ఇష్టమైతే తీసుకో లేదంటే మానెయ్ అనే ఒప్పందంలో ఇలాంటి షరతు ప్రజాహితానికి విరుద్ధమని, చెల్లదని తేల్చారు. ఏ భాగం విరిగిందో ఎవరూ చూపలేకపోయినా, పది రోజుల కారు నున్నటి రోడ్డు మీద అలా తిరిగిందన్న సాక్ష్యమే జ్యూరీకి చాలునన్నారు. తెలుగువాళ్లు ఇంతమంది ఉంటున్న ఎడిసన్ ఆ రాష్ట్రంలోనిదే. అక్కడ మనవాళ్లు కారు కొన్న ప్రతిసారీ ఈ తీర్పు వాళ్ల వెనక నిలబడి ఉంటుంది.

1975లో అమెరికా దేశమంతటికీ వర్తించేలా మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. వారంటీ సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ఉండాలంది. రాతపూర్వక వారంటీ ఇచ్చిన కంపెనీ, చట్టం ఇచ్చే హామీని పూర్తిగా కొట్టేయడానికి వీల్లేదంది. మా సర్వీసు సెంటర్లో మా విడిభాగాలే వేయించాలి, లేకపోతే వారంటీ పోతుందనే షరతుకూ, అవి ఉచితంగా ఇస్తే తప్ప, అడ్డుకట్ట వేసింది.

మన దగ్గర దారి ఇంత సాఫీగా లేదు. క్లచ్ లోపం మీద వచ్చిన ఒక కేసులో 2006లో మన సుప్రీంకోర్టు, వారంటీలో భాగం మారుస్తామని రాసి ఉన్నప్పుడు కారు మొత్తం మార్చమని ఆదేశించలేమంది. ఆ తీర్పును కంపెనీలు ఇప్పటికీ వినియోగదారుల కమిషన్ల ముందు పెడతాయి. సర్వీసు సెంటరులో ‘ఇది వేర్ అండ్ టేర్ అండీ, వారంటీలోకి రాదు’ అన్న మాట వినని కారు యజమాని మన ఊళ్లలో అరుదు. అలా అన్నప్పుడు ఆ మాటను కాగితం మీద రాసిమ్మని అడగండి. జాబ్ కార్డు కాపీ దగ్గరుంచుకోండి. పాత భాగాన్ని మారిస్తే దాన్ని ఫొటో తీసుకోండి. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు అన్యాయమైన ఒప్పంద షరతులను చెల్లవని ప్రకటించే అధికారమిచ్చింది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి హాని జరిగితే తయారీదారు బాధ్యుడని విడిగా ఒక అధ్యాయమే పెట్టింది.

ఇక హెలెన్ సంతకం సంగతి. భర్త కొన్న కారు భార్య నడుపుతుందని, ఇంట్లోవాళ్లు ఎక్కుతారని అమ్మేవారికి తెలియనిదేమీ కాదని, సంతకం లేదన్న కారణంతో ఆమెను బయటకు నెట్టడానికి వీల్లేదని న్యూజెర్సీ కోర్టు చెప్పింది. మన చట్టంలో ఈ మాట నిర్వచనంలోనే ఉంది. కొన్నవారి అనుమతితో వస్తువును వాడే మనిషి కూడా వినియోగదారే. భర్త పేరున బిల్లున్న కారు స్టీరింగు చేతిలో తిరిగిపోతే, వరంగల్‌లోనైనా విజయవాడలోనైనా భార్య తన పేరుతోనే ఫిర్యాదు వేయవచ్చు.