గాలాడే డైపరుకి పేటెంట్ ఇవ్వొచ్చా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు మీద ఏ మెడికల్ షాపులో అడిగినా డైపర్లు రెండు రకాలు చూపిస్తారు. పేరున్నవీ, పేరెప్పుడూ విననివీ. రెండిటి గొప్పా ఒకటే: గాలాడుతుంది, కారదు. మరి పెద్ద కంపెనీలు పేటెంట్లు తీసుకుని కూర్చోలేదా, చిన్నవాళ్ళకి ఎలా కుదిరింది?

గాలాడాలి, తడి బయటికి రాకూడదు అన్నది కోరిక. కోరికకి పేటెంట్ ఇవ్వరు, తీర్చే పద్ధతికి ఇస్తారు. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంటుకి కాదు, ఇంప్లిమెంటేషనుకి.

రబ్బరు నిక్కర్లతో పిల్లల ఒళ్ళు పేలిపోయే రోజుల్లో అమెరికాలో మారియన్ డోనవాన్ అనే ఆవిడ బాత్రూం కర్టెన్ కత్తిరించి డైపరుకి పైతొడుగు కుట్టింది. తర్వాత పారాచూట్ నైలానుకి మారింది, పిన్నీసుల బదులు టిచ్ బటన్లు పెట్టింది. 1951లో పేటెంట్ వచ్చింది, హక్కులు పది లక్షల డాలర్లకి అమ్మేసింది. దండుకోవడమంటే అదీ!

ఇప్పటి గాలాడే పొర కథ వేరు. పాలిథీన్‌లో మెత్తటి సుద్దపొడి కలిపి, పల్చటి ఫిల్ముగా తీసి, సాగదీస్తారు. సాగేటప్పుడు సుద్దరేణువుల చుట్టూ ప్లాస్టిక్ విడిపోయి కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. ఆవిరి దూరిపోతుంది, నీరు మాత్రం తలతన్యత వల్ల ఆగిపోతుంది. సుద్ద పాతదే, పాలిథీన్ పాతదే, సాగదీయడమూ పాతదే. ఇందులో కొత్తేముంది అని అడిగితే, రేణువు సైజు, పాళ్ళు, ఎంత సాగదీయాలి అన్నదాంట్లోనే ఉంది తగాదా అంతా.

కారకపోవడం మీద అయితే కంపెనీలే మునిగాయి. తొడల దగ్గర నిలబడే కుచ్చు అంచు చూశారు కదా? దాని మీద ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌కి 1987లో అమెరికన్ పేటెంట్ వచ్చింది. సూపర్‌మార్కెట్ల సొంత బ్రాండ్లకి డైపర్లు చేసిపెట్టే ప్యారగాన్ 1997 డిసెంబరు చివర్లో ఆ కేసు ఓడిపోయింది, వారం తిరక్కుండా దివాలా పిటిషన్ వేసింది. వేలెడు అంచు కోసం!

ఆ పేటెంట్ గడువు ఎప్పుడో తీరింది. అసలు అమెరికా పేటెంట్ అమెరికాలోనే చెల్లుతుంది. మన 1970 చట్టమైతే రసాయన పదార్థాలకి తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చేది, పదార్థం మీద కాదు. తడి పీల్చే ఆ పొడి, సోడియం పాలీయాక్రిలేట్, ఆ లెక్కలోదే. 2005 జనవరి 1 నుంచి పదార్థానికీ ఇస్తున్నారు.

అయినా వడపోత గట్టిదే. తెలిసిన వస్తువుల్ని పక్కపక్కన పేర్చి, దేని పని అది చేసుకుపోతుంటే సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం అది ఆవిష్కరణే కాదు. గిన్నెల తయారీ యంత్రం గొడవలో (బిశ్వనాథ్ ప్రసాద్ కేసు, 1978) సుప్రీంకోర్టు కూడా వర్క్‌షాపులో ఎవరైనా చేసే మెరుగుదల చాలదంది. కాబట్టి గాలాడే పొర పక్కన పీల్చే పొర పెట్టానంటే కుదరదు. రెండూ కలిసినందువల్ల కొత్తగా ఏమైందో కొలిచి చూపించాలి. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది. లేకపోతే చిన్న కంపెనీ మిషను కొనే ముందు లాయర్ని కొనుక్కోవాలి.

అన్నట్టు, ప్యాకెట్ మీద ఊరికే "పేటెంటెడ్" అని ఉంటే నంబరు కోసం చూడండి. పేటెంట్ ఆఫీసు సైట్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. లేని పేటెంట్ ఉందని రాసుకుంటే సెక్షన్ 120 కింద జరిమానా పడుతుంది.